నాలుగో పేజీలో ఖాళీ

ఫిబ్రవరి 3, మంగళవారం

సర్జన్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మార్చి 12న హెర్నియా ఆపరేషన్. పొద్దున వెళితే సాయంత్రానికి ఇంటికి పంపించేస్తారు. ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. నేను భయపడనూ లేదు.

కాకపోతే నర్సు చివర్లో ఒక ప్రశ్న అడిగింది. "మీకు పర్సనల్ డైరెక్టివ్ ఉందా?" అని. అదేమిటన్నాను. మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే మీ తరఫున ఎవరు నిర్ణయాలు తీసుకోవాలో రాసిపెట్టే కాగితం అంది. నేను మాట్లాడగలిగే స్థితిలో ఉన్నప్పుడే మా ఇంట్లో నిర్ణయాలన్నీ నా భార్య మృదుల తీసుకుంటుంది. ఆ మాట నర్సుకు చెప్పలేదు. లేదని మాత్రం అన్నాను. "వీలునామా?" అంది. అదీ లేదన్నాను. "ఓకే" అంది. ఆ ఓకే అన్న తీరు నాకు నచ్చలేదు.

నలభై ఏడేళ్ళు వచ్చాయి. ఇద్దరు ఆడపిల్లలు. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఒక పైప్‌లైన్ కంపెనీలో, జరగబోయే ప్రతి ప్రమాదానికీ ముందే ఒక ప్లాను రాసిపెట్టడం నా ఉద్యోగం. సొంతానికి ఒక్క కాగితం లేదు.

పెద్దమ్మాయి ఇషిత కిందటేడు సగం వాడి పారేసిన స్కూల్ నోట్‌బుక్‌లో ఇది రాస్తున్నాను. నోట్‌బుక్ సంగతి మృదులకి చెప్పలేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

మృదుల వంకాయలు తరుగుతుంటే, మనం వీలునామా రాయించుకోవాలి అన్నాను.

"శుక్రవారం పూట ఆ మాటలేంటండీ."

ఫిబ్రవరి 7

మళ్ళీ అన్నాను.

"శనివారం."

ఫిబ్రవరి 8

ఆదివారానికి అభ్యంతరం ఉండదనుకున్నాను. వారానికి ఒక్క రోజైనా నన్ను ప్రశాంతంగా ఉండనివ్వరా అంది.

ఫిబ్రవరి 9, సోమవారం

వీరభద్రరావు గారు వచ్చారు. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళకు ఏ కాగితం కావాలన్నా ముందు ఆయన్నే అడుగుతారు. డెబ్బై ఒక్క ఏళ్ళు, రిటైర్డ్ ఇంజినీరు. అడగకపోయినా చెబుతారు. నేనే రమ్మన్నాను. మృదులతో మాత్రం, ఇటుగా వెళుతూ వచ్చారని చెప్పాను.

"మన ఆల్బర్టా రాష్ట్రంలో సొంత దస్తూరీతో రాసి కింద సంతకం పెడితే చాలయ్యా, సాక్షులు కూడా లేకుండా చెల్లుతుంది," అన్నారు. "కానీ నీకు చిన్నపిల్లలున్నారు. లాయర్ దగ్గర పద్ధతిగా రాయించుకో."

"చిన్నపిల్లలుంటే ఏంటండీ?" వంటింట్లోంచి మృదుల అడిగింది.

"మీలో ఒకరు పోతే ఇంకొకరున్నారు కదమ్మా. ఇద్దరూ ఒకేసారి పోతే? బాన్ఫ్ కొండల దారిలో మంచు ఎలా ఉంటుందో చూస్తూనే ఉన్నారుగా. అప్పుడు పిల్లలు ఎవరింట్లో పెరగాలో కోర్టు చూసుకుంటుంది."

గరిటె చప్పుడు ఆగింది. మృదుల ఇవతలికి వచ్చింది.

"కోర్టెవరండీ చూసుకోడానికి?"

"మీరు చెప్పకపోతే ఎవరో ఒకరు చెప్పాలిగా."

ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయారు. పది నిమిషాల్లో మృదుల ఒక లాయర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. సోమవారం ఇలాంటి ఫోన్లు చేయవచ్చా అని అడగబోయి మానేశాను.

సొంత దస్తూరీతో రాసి సంతకం పెడితే చెల్లుతుందట. ఈ నోట్‌బుక్‌లో ఎక్కడా సంతకం పెట్టకుండా జాగ్రత్తపడాలి.

ఫిబ్రవరి 11, బుధవారం

లాయర్ పేరు డార్లీన్. అరవై ఏళ్ళుంటాయి. గదిలో మొక్కలు చాలా ఉన్నాయి, ఒక్కటీ వాడిపోలేదు. అది చూసి మృదులకి నమ్మకం కుదిరింది.

మూడు కాగితాలు కావాలట. మేం పోయాక పనికొచ్చేది వీలునామా. బతికుండీ తెలివిలో లేకపోతే ఇంటి వ్యవహారాలు చూసేందుకు పవర్ ఆఫ్ అటార్నీ. వైద్యం సంగతులకు నర్సు అడిగిన ఆ డైరెక్టివ్. మా తర్వాత వ్యవహారాలన్నీ చక్కబెట్టే మనిషిని ఎగ్జిక్యూటర్ అంటారు. ఎవరినైనా పెట్టే ముందు వాళ్ళను అడగాలి, అడగకుండా పెట్టినవాళ్ళు అవసరానికి కుదరదంటారు అని డార్లీన్ మరీ మరీ చెప్పింది. పదకొండు పేజీల ఫారం ఇచ్చి పంపింది.

ఇంటికొచ్చి నలభై నిమిషాల్లో పది పేజీలు నింపాం. ఏడో పేజీలో దహనమా, ఖననమా అని ఉంది. మృదుల నన్ను అడగకుండానే దహనం దగ్గర టిక్ పెట్టింది. "మీకు చలి పడదు కదా," అంది.

నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాం. మా ఇద్దరి తర్వాత పిల్లలకు గార్డియన్ ఎవరు? వాళ్ళు కాదంటే ఆ తర్వాత ఎవరు?

"కావ్య," అంది మృదుల.

కావ్యశ్రీ ఆమె చెల్లెలు. ఎటోబికోలో ఉంటుంది. భర్త ప్రణీత్ బ్యాంకులో ఐటీ. పిల్లలు వద్దనుకున్నారు. వాళ్ళింట్లో చెప్పుల స్టాండుకు కూడా లేబుళ్ళుంటాయి. ఒకసారి నా చెప్పులు 'గెస్ట్ - తాత్కాలికం' అన్న అరలో పెట్టింది.

ఆలోచిద్దాం అన్నాను.

"పోనీ మీవైపు ఎవరున్నారో చెప్పండి."

"నావైపు ఎవరూ లేరు."

"సర్రీలో మీకో అన్నయ్య ఉన్నారు."

"వీరభద్రరావు గారిని అడుగుదామా?"

"ఆయన్నే ఇంకొకళ్ళు చూసుకోవాలి."

అన్నయ్యతో మాట్లాడి మూడేళ్ళు కావస్తోంది. తన గృహప్రవేశంలో నలభై మంది ముందు నా గురించి అన్న మాట ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 14, శనివారం

సోమవారం ఫ్యామిలీ డే సెలవు కలిసి వచ్చిందని కావ్యశ్రీ, ప్రణీత్ వచ్చారు. మృదులే రమ్మంది. ఫారం సంగతి వాళ్ళకు చెప్పొద్దనుకున్నాం. ఊరికే గమనిద్దాం అని నా ఉద్దేశం.

గమనించినవి: వచ్చిన గంటలో మా ఫ్రిజ్ సర్దింది. రెండో గంటలో మా చిన్నమ్మాయి సాత్వికకు నారింజ తొక్క ఒకే ముక్కగా వచ్చేలా వలవడం నేర్పింది. సాత్వికకు తొమ్మిదేళ్ళు, ఆరు పళ్ళు వలిచింది. ఒక్కటీ తినలేదు. ప్రణీత్ సోఫాలో కూర్చుని, "బాగుంది బ్రదర్ ఇల్లు," అని నాలుగుసార్లు అన్నాడు.

ఇషితకు పద్నాలుగు. గది తలుపు వేసుకుని బయటికి రాలేదు.

ఫిబ్రవరి 15

కావ్యశ్రీ టేబుల్ సొరుగు సర్దుతుంటే ఫారం దొరికింది. "అక్కా, నీకేమైనా అయిందా? నాకు చెప్పకుండా దాస్తున్నారా?" అంటూ ఏడుపు మొదలుపెట్టింది. నాకు హెర్నియా అని చెప్పాక తగ్గింది. అంత త్వరగా తగ్గుతుందనుకోలేదు.

నాలుగో పేజీ చూసింది. కాగితాల అంచులు సరిచేసి లోపల పెట్టింది.

ఫిబ్రవరి 16, సోమవారం

పొద్దున కాఫీ దగ్గర కావ్యశ్రీ నన్ను పక్కకు పిలిచింది.

"బావగారూ, మా పేరు రాయాలనుకుంటున్నారా?"

ఎలా వద్దని చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను.

"రాయకండి. నేను రెండు రోజులైతే బాగుంటాను. మూడో రోజు నుంచి నన్ను నేనే భరించలేను. ప్రణీత్‌ని అడగండి."

ప్రణీత్ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు.

"పిల్లలంటే ప్రాణం నాకు. వాళ్ళు నా దగ్గర భయపడుతూ పెరగడం నాకిష్టం లేదు. కావాలంటే నన్ను ఎగ్జిక్యూటర్‌గా పెట్టండి. కాగితాలైతే ఎన్నేళ్ళైనా చూసుకుంటాను."

మృదుల చెల్లెల్ని పట్టుకుని ఏడ్చింది. ఇద్దరూ ఎందుకు ఏడుస్తున్నారో వాళ్ళకే తెలియాలి. ఎయిర్‌పోర్టులో దించి వచ్చాను.

ఫిబ్రవరి 17

నేను వద్దనుకున్న మనిషి నన్ను ముందే వద్దనడం ఏమిటి?

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఎక్సెల్‌లో తొమ్మిది మంది స్నేహితుల పేర్లు రాశాను. ఓపిక, వంట, వయసు, పిల్లల్ని నవ్వించే శక్తి, ఒక్కోదానికి పదేసి మార్కులు. అందరికంటే ఎక్కువ వచ్చినవాళ్ళు పక్క వీధిలోనే ఉంటారు. మృదుల చూసి, "మనం వాళ్ళని అడిగితే, రేపు వాళ్ళూ మనల్ని అడుగుతారు. వాళ్ళకి నలుగురు," అంది. తీసేశాను.

ఇంకో కుటుంబం ఎప్పుడూ మైక్రోవేవ్ భోజనమే తింటుంది. తీసేశాను. ఒకాయన నాకంటే లావు. తీసేశాను.

ఆపరేషన్‌కి ఇరవై రోజులు. లెక్కపెట్టడం భయం వల్ల కాదు, అలవాటు.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఇది నెమ్మదిగా రాయాలి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇషిత అడిగింది. ఫారం తనూ చూసిందట. ఈ ఇంట్లో ఆ సొరుగు తెరవనిది నేనొక్కణ్ణే.

"డూ వి గెట్ ఎ వోట్?"

పన్నెండు దాటిన పిల్లల్ని అడగడం మంచిదని డార్లీన్ చెప్పింది కాబట్టి, చెప్పమ్మా అన్నాను.

"పెద్దనాన్న."

"మీ పెద్దనాన్న ఎలా ఉంటాడో కూడా నీకు గుర్తుండదు."

ఇషిత వాళ్ళమ్మ వైపు చూసింది. సాత్విక నోట్లో ముద్దతోనే అంది: "వి టాక్ టు హిమ్ ఎవ్రీ సండే. వెన్ యు గో టు బ్యాడ్మింటన్."

మూడేళ్ళుగా. వీడియో కాల్. ఇషితతో చదరంగం ఆడతాడట. సాత్వికకు తెలుగు అక్షరాలు ఆయనే నేర్పాడట. ఈ పిల్ల 'ఱ' ఎలా రాస్తోందా అని నేను కిందటేడు ఆశ్చర్యపోయాను, తెలివితేటలు నావే అనుకున్నాను.

మృదులను అడిగాను. "మీరు మానేశారు. పిల్లలెందుకు మానాలి?" అంది.

నేను అన్నం వదిలేసి లేచాను. అప్పటికి పెరుగన్నం కూడా అయిపోయింది నిజానికి.

ఫిబ్రవరి 23

మృదులతో మాట్లాడలేదు.

ఫిబ్రవరి 24

ఇవాళా మాట్లాడలేదు. పప్పులో ఉప్పు లేదు. మాట్లాడటం లేదు కాబట్టి ఆ సంగతీ చెప్పలేకపోయాను.

ఫిబ్రవరి 25, బుధవారం

ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను. గృహప్రవేశం రోజు అన్నయ్య మొదట నన్ను పొగిడాడు. మా తమ్ముడు ఎడ్మంటన్‌లో పెద్ద మేనేజరు అన్నాడు. అక్కడితో ఆపవచ్చు. "ఏడో తరగతి దాకా రోజూ పక్క తడిపేవాడు, ఇప్పుడు చూడండి ఎక్కడున్నాడో," అన్నాడు. నలభై మంది నవ్వారు. వాళ్ళ పక్కింటి గురుదీప్ గారికి తెలుగు రాదు, ఏమిటన్నాడు. అన్నయ్య ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాడు. ఆయన పంజాబీలో వాళ్ళావిడకు చెప్పాడు. మూడు భాషల్లో నా పరువు పోయింది. భోజనం చేయకుండా కారెక్కాను.

ఏడో తరగతి కాదు, ఆరు.

ఫిబ్రవరి 26

ఇషితను బ్యాండ్ ప్రాక్టీసుకు తీసుకెళుతున్నాను. కారులో అడిగింది.

"ఆర్ యు మ్యాడ్ బికాజ్ ఆఫ్ ద బెడ్ థింగ్?"

నేను రోడ్డు చూస్తూ, "నీకెవరు చెప్పారు?" అన్నాను.

"పెద్దనాన్న. లాంగ్ ఎగో. హి సెడ్, నానమ్మ లేవకముందే హి యూజ్డ్ టు స్విచ్ సైడ్స్ విత్ యు. సో హి గాట్ ద స్కోల్డింగ్. ఫర్ లైక్, ఇయర్స్."

సిగ్నల్ పచ్చ అయింది. వెనక వాడు హారన్ కొట్టేదాకా కదల్లేదు.

ఆ సంగతి నాకు తెలియక కాదు. అన్నయ్య నన్ను పొడి వైపుకి దొర్లించి, తను తడి వైపు పడుకునేవాడు. అమ్మ, "పెద్ద వెధవవై ఉండి ఇదేం పనిరా" అని తిడితే తల వంచుకుని దుప్పటి ఆరేసేవాడు. అప్పుడు అన్నయ్యది తొమ్మిదో తరగతి. నిన్న ఇక్కడ ఇది రాయలేదు, అంతే. గృహప్రవేశం రోజు కూడా ఇది తప్ప మిగతావన్నీ గుర్తొచ్చాయి.

ఇంటికొచ్చి మృదులతో, పప్పులో ఉప్పు తగ్గింది అన్నాను. "మొన్నటి పప్పా?" అంది. అవునన్నాను.

ఫిబ్రవరి 28, శనివారం

అడగకుండా పేరు రాయకూడదు కాబట్టి ఫోన్ చేశాను. అంతకుముందు ఈమెయిల్ అనుకుని మూడు పేరాలు రాశాను. మృదుల చదివి, ఇది టెండర్ నోటీసులా ఉంది అంది.

"ఎవరూ?"

"నేను, గోపీని."

"ఆఁ. చెప్పు." నిన్ననే మాట్లాడినట్టు అన్నాడు. "అక్కడెంత?"

"మైనస్ ఇరవై నాలుగు. అక్కడ?"

"వాన."

ఆ తర్వాత ఇద్దరం కాసేపు వాతావరణం గురించే ఆలోచించాం.

"అన్నయ్యా, నేనూ మృదులా పోతే పిల్లల్ని చూసుకుంటావా?"

"ఎప్పుడు పోతున్నారు?"

"పోవడం లేదు. నాకు హెర్నియా."

"హెర్నియాకి ఎవరూ పోరు."

"తెలుసు. వీలునామా రాయిస్తున్నాం. గార్డియన్ పేరు కావాలి."

అప్పుడు కమలకుమారి వదిన గొంతు వినిపించింది. స్పీకర్‌లో పెట్టాడన్నమాట, మొదటి నుంచీ. "గోపీ, నీకేం కాదు గానీ, ఇషితకి మాత్రం ఇక్కడ మా ఇంటి పక్కనే మంచి హైస్కూలుంది. స్కైట్రెయిన్ కూడా దగ్గర. ఏ నెలలో అయితే—"

"కమలా, వాడింకా పోలేదు," అన్నాడు అన్నయ్య.

"నేనేమన్నాను, స్కూలుందన్నాను."

"రాసుకో," అన్నాడు నాతో. "కోదండరామ్, స్పెల్లింగ్ చివర 'ఏ' లేదు. కెనడావాళ్ళు 'ఏ' పెడతారు." గొంతు బాగాలేదు ఆయనకి, సర్రీలో తేమ ఎక్కువ. "నా వీలునామాలో ఎగ్జిక్యూటర్‌వి నువ్వే, తెలుసుగా. 2019 నుంచి."

"ఇంకా నేనేనా? మార్చలేదా?"

"మళ్ళీ ఆ పేజీలన్నీ ఎవడు నింపుతాడు."

మార్చి 4, బుధవారం

సంతకాలయ్యాయి. ఇద్దరు సాక్షులు ఎదురుగా నిలబడి చూడాలి. వీలునామా వల్ల మా నుంచి ఏదైనా దక్కేవాళ్ళు, వాళ్ళ భార్యో భర్తో సాక్షిగా ఉండకూడదట. వీరభద్రరావు గారు నేనొస్తానని సిద్ధమయ్యారు. సాక్షి వీలునామా చదవక్కర్లేదు, సంతకం చూస్తే చాలు అని చెప్పగానే ఆయనకు మోకాలు నొప్పి వచ్చింది. డార్లీన్ అసిస్టెంటూ, పక్క డెంటల్ క్లినిక్ రిసెప్షనిస్టూ నిలబడ్డారు.

నాలుగో పేజీలో అన్నయ్య, వదిన. ఎగ్జిక్యూటర్ మృదుల, ఆ తర్వాత కావ్యశ్రీ. ఫోన్ చేసి చెబితే, ఫోల్డరుకి ఏ రంగు కావాలని అడిగింది.

అసలు కాగితం లాయర్ దగ్గరే ఉంటుంది. అది ఎక్కడుందో ఎగ్జిక్యూటర్‌కి చెప్పి ఉంచండి, చాలామంది దాచి పోతారు అంది డార్లీన్.

సాత్విక అడిగింది, "హూ గెట్స్ ద ఎయిర్ ఫ్రైయర్?" దాని సంగతి ఎక్కడా రాయలేదు.

మార్చి 10, మంగళవారం

అన్నయ్య, వదిన వచ్చారు. నేను రమ్మనలేదు. సర్రీ నుంచి విమానంలో గంటన్నర. ఆవకాయ జాడీలు హ్యాండ్ బ్యాగులో రానివ్వరని కారులో వచ్చారు, దారిలో వేల్‌మౌంట్‌లో ఒక రోజు ఆగి.

గుమ్మంలో నన్ను చూసి, "లావయ్యావు," అన్నాడు. "అది హెర్నియా," అన్నాను. "హెర్నియా మెడకి రాదు," అన్నాడు.

పిల్లలు ఆయన మీద పడ్డారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. వీడియోలో వాళ్ళకది అలవాటే. నాకే కొత్త.

క్షమించమని నేననలేదు. ఆయనా అనలేదు. భోజనాల దగ్గర ఆవకాయలో మెత్తటి ముక్క ఏరి నా కంచంలో వేశాడు.

మార్చి 12

ఆపరేషన్ అయింది. బతికాను.

మార్చి 15, ఆదివారం

దగ్గితే కుట్లు లాగుతున్నాయి. నవ్వకూడదు. అన్నయ్య ఇంట్లో ఉంటే అది కష్టం.

పొద్దున వాళ్ళు బయల్దేరారు. వెళ్ళేముందు కారులోంచి ఒక నీలం ఫైలు తెచ్చి నా మంచం మీద పెట్టాడు. "ఎగ్జిక్యూటర్‌వి కదా. అన్నీ ఇందులో ఉన్నాయి. ఇప్పుడే చదవక్కర్లేదు," అన్నాడు. కారు వీధి మలుపు తిరిగేదాకా ఆగి తెరిచాను.

వీలునామా నకలు. లాయర్ అడ్రసు. బ్యాంకు పేర్లు. ఇన్సూరెన్స్. చివర్లో ఆయన దస్తూరీతో ఒక తెల్లకాగితం, పైన తేదీ: జూన్ 2023. గృహప్రవేశమై నెల కూడా కాలేదప్పటికి. నేను ఆయన నంబరు బ్లాక్ చేసిన నెల అది.

'నేను పోయిన రోజు చేయవలసినవి' అని రాసి, కింద వరుసగా పనులున్నాయి. ముందు కమలకు బీపీ మాత్ర వేయాలి. గురుదీప్ గారికి చెప్పాలి, పార్కింగ్ ఆయన చూసుకుంటాడు. పంతులు గారు ఆలస్యంగా వస్తారు, ఒక గంట ముందు టైము చెప్పాలి. ఐదో అంకె దగ్గర ఇలా ఉంది:

'గోపీకి ఫోన్ చేయాలి. వాడు ఎత్తడు. ఎత్తేదాకా చేయాలి. ఎయిర్‌పోర్టుకి ఎవరైనా వెళ్ళి తీసుకురావాలి. ఆ రోజు వాణ్ణి కారు నడపనివ్వకండి. ఏడుస్తాడు. ఏడవడం లేదంటాడు, నమ్మకండి.'

ఎంత ధీమా మనిషికి. మాట్లాడని మనిషి గురించి ఇలా ఎలా రాస్తాడు? నేను అంత తేలిగ్గా ఏడ్చే మనిషిని కాదు. ఈ విషయం ఆయనకు ఫోన్ చేసి చెప్పాలి. వేల్‌మౌంట్ చేరేసరికి సాయంత్రమవుతుంది, అప్పుడు చేస్తాను.

మృదుల గదిలోకి వచ్చి నన్ను చూసింది. ఏమైందండీ అంది. కుట్లు లాగుతున్నాయి అన్నాను. వెళ్ళి టిష్యూల డబ్బా తెచ్చి పక్కన పెట్టి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

కుట్లకు టిష్యూలెందుకో నాకు అర్థం కాలేదు. సగం డబ్బా అయిపోయింది.